నిద్రకు కాపలా

ఆ పుస్తకాన్ని నేను మామూలు దెయ్యాల కథ అనుకునే తెప్పించుకున్నాను. ఇంటికి వస్తే అమ్మ విప్పి చూస్తుందని, కామారెడ్డిలో నేను ఇంగ్లిష్ చెప్పే ప్రైవేటు స్కూలు చిరునామా ఇచ్చాను. అట్ట మీద బూజు పట్టిన కిటికీ, అద్దానికి అవతలి నుంచి ఆనించిన రెండు అరచేతులు. పదిహేను పదహారేళ్ల పిల్లల కోసం రాసిన నవల. నాకేమో ముప్ఫై దాటాయి. అయినా భయపెట్టే కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. వెనక అట్ట మీద, ధరకు పైన, చిన్న అక్షరాల్లో 'క్వీర్' అన్న మాట ఉంది, ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్ల లాంటి వాళ్లకు ఇంగ్లిష్‌లో వాడేది. తెప్పించుకునేటప్పుడు ఫోన్లో అది నేను చూసుకోలేదు. చూసి ఉంటే ఆ పార్సిల్‌ను స్టాఫ్ రూములో అందరి ముందూ విప్పేదాన్ని కాదు.

సాయంత్రం ఇంటికి పోతూ ఎల్లారెడ్డి బస్సులో చదవడం మొదలుపెట్టాను.

ఒక సముద్రపు ఊళ్లో మనుషులకు నిద్రలో బూజు పడుతూ ఉంటుంది. ఒంటరిగా నిద్రపోయిన వాళ్ల ముఖం మీద తెల్లగా పాకుతుంది. తెల్లారి లేస్తారు గానీ, లేచింది ఆ మనిషి కాదు. పక్కన ఎవరైనా కూర్చుని, మొదటి మచ్చ కనపడగానే తట్టి లేపితే మాత్రం బతుకుతారు. అంటే నిద్రపోవాలంటే కాపలా ఉండాలి. పెద్ద పెద్ద పట్నాలన్నీ అలాగే పోతాయి. మిగిలిన ఆ ఊళ్లో పదిహేడేళ్ల అమ్మాయిలు ఇద్దరు ఒకరి నిద్రను ఒకరు కాస్తుంటారు. ఒకరు పడుకుంటే ఇంకొకరు ఆ ముఖం నుంచి చూపు తిప్పకుండా కూర్చుంటారు. అలా చూడగా చూడగా ఆ ముఖం మీద ప్రేమ పుడుతుంది.

ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. నా పక్కన యూరియా సంచి కాళ్ల మధ్య పెట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆయన నా వైపు చూడనైనా లేదు. అయినా అట్ట మీద చున్నీ కప్పాను. ఇద్దరు ఆడపిల్లలు ప్రేమించుకోవడం అచ్చులో నేను అంతకు ముందెప్పుడూ చదవలేదు. దానికి పేపర్లలో రాసే తెలుగు మాట ఒకటుంది. అది కనపడినప్పుడల్లా రక్తపరీక్ష రిపోర్టులోని మాటలా ఉండేది. అందులో మనుషులు ఉండరు. ఈ పుస్తకంలో ఉన్నారు. ఒకమ్మాయి నిద్రలో పళ్లు కొరుకుతుంది. రెండో అమ్మాయికి ఆ చప్పుడు ఇష్టం.

నా స్నేహితురాలు కూడా నిద్రలో పళ్లు కొరికేది.

కామారెడ్డిలో డిగ్రీ చదివిన మూడేళ్లూ మేమిద్దరం ఒకే హాస్టల్ గదిలో ఉన్నాం. నాకు డెంగీ వచ్చినప్పుడు ఆమె పరీక్షకు కూడా పోకుండా నా మంచం పక్కనే ఉంది. మేం ఒకరికొకరం ఏమవుతామో ఎప్పుడూ పైకి అనుకోలేదు. ఒక్కసారి మాత్రం డాబా మీద తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని పిండుతుంటే, "మనం పెండ్లి చేసుకోకుంటే ఏమైతదే?" అని అడిగింది. "ఏమైతది, ఏం గాదు," అన్నాను. ఇద్దరం దుప్పటిని గట్టిగా మెలిపెట్టి పిండాం. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. డిగ్రీ అయిన మరుసటి ఏడాదే ఆమెకు పెళ్లయింది. లింగంపేటలో ఇచ్చారు. భర్త దుబాయిలో పనిచేస్తాడు, రెండేళ్లకోసారి వస్తాడు. మంచివాడే. ఇంట్లో ఆమె, అత్త కలిసి బీడీలు చుడతారు. నేను రోజూ ఎక్కే బస్సు ఆ ఊరి మీదుగానే పోతుంది.

పుస్తకంలో నన్ను భయపెట్టింది బూజు కాదు. సగంలో ఊరి పెద్దలందరూ కూర్చుని ఒక కట్టుబాటు పెడతారు. రక్తసంబంధం ఉన్నవాళ్లు, లేకపోతే పెళ్లయిన వాళ్లు మాత్రమే ఒకరికొకరు కాపలా ఉండాలి అంటారు. తినడానికి తిండి లేదు, లోకం కళ్ల ముందే పోయింది, అయినా ఎవరి పక్కన ఎవరు పడుకోవాలో తేల్చడానికి వాళ్లకు తీరిక దొరికింది. అప్పుడు ఒకమ్మాయి తల్లి వచ్చి, నా బిడ్డను నేను చూసుకుంటానని కూతుర్ని తీసుకుపోతుంది. ఆ తల్లికి అప్పటికే సరైన నిద్ర లేదు. కూతురి ముఖం చూస్తూ చూస్తూ కూర్చున్న చోటే ఒరిగిపోతుంది. కూతురికి ఎలాగో మెలకువ వచ్చి చూస్తే తల్లి ముఖమంతా తెల్లగా ఉంటుంది. బయటికి ఉరికి తలుపుకు గొళ్లెం పెడుతుంది. లోపలి నుంచి తల్లి పిలుస్తూనే ఉంటుంది, చిన్నప్పటి ముద్దుపేరుతో.

ఆ గొళ్లెం పడ్డప్పుడు నాకు సంతోషం కలిగింది. అది దాచుకోను. చాలాసేపు అలాగే ఉంది ఆ సంతోషం. ఇంటికి వచ్చాక అమ్మ వడ్డిస్తుంటే తల ఎత్తలేకపోయాను.

"కండ్లు ఎర్రగయినయ్. ఏం చదువుతున్నవ్ గంతగనం?" అని అడిగింది అమ్మ.

"లోకం అంతమయ్యే కథ."

"బైబిల్ల ఉన్నదేనా?"

"గాదమ్మ. ఎవలో రాసిన్రు."

"దాంట్ల దేవుడున్నడా?"

"లేడు."

"అయితే చదవకు. ఉత్త భయమే ఉంటది," అంది. నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి వంటింట్లోకి పోయింది.

మాది చర్చికి పోయే ఇల్లు. లోకాంతం గురించి నేను నడక నేర్చినప్పటి నుంచి వింటున్నాను. నమ్మిన వాళ్లను ప్రభువు ఒక్క రెప్పపాటులో పైకి తీసుకుపోతాడు, మిగిలిన వాళ్లు ఇక్కడే ఉండిపోతారు అని పాస్టరు చెప్పేవాడు. మూడో తరగతిలో ఒక మధ్యాహ్నం బడి నుంచి వస్తే ఇల్లు తెరిచే ఉంది, అమ్మ లేదు. బీడీల చాట నేల మీద అలాగే ఉంది. సగం చుట్టిన బీడీ ఒకటి విచ్చుకుపోయి తంబాకు రాలుతోంది. అమ్మను తీసుకుపోయారు, నన్ను వదిలేశారు అనుకున్నాను. అమ్మ దారం ఉండ కోసం పక్కింటికి పోయిందట. తిరిగి వచ్చేసరికి నేను గడప దగ్గర ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకున్నాను. ఎందుకు ఏడ్చానో ఆమెకు చెప్పలేదు. నాలో ఏదో తేడా ఉందని, అందుకే నన్ను వదిలేసి ఉంటారని ఆ వయసులోనే ఎందుకనిపించిందో ఇప్పటికీ తెలియదు.

అందుకే ఆ నవల మీద నాకు కోపం కూడా వచ్చింది. ఆ ఇద్దరమ్మాయిలు ఒకరి పక్కన ఒకరు ఉండటానికి ఇంతమంది చావాలా? ఊళ్లకు ఊళ్లు బూజు పట్టి పోవాలా? సంబంధం చూశామని చెప్పే మేనమామ, ఇంకెప్పుడు చేసుకుంటావని అడిగే పక్కింటామె, అందరూ పోయాకే గాని వాళ్లకు చోటు లేదు. రాసిన మనిషికి మామూలు ఊళ్లో, మామూలు రోజున, వాళ్లను నిలబెట్టే జాగా దొరకలేదా? ఇలా తిట్టుకుంటూనే పుస్తకం రెండోసారి చదివాను.

ఎండాకాలం సెలవులిచ్చారు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక లింగంపేట పోయాను. అంతకు ముందు కూడా అప్పుడప్పుడు పోయేదాన్ని. రేకుల పందిరి కింద అత్తాకోడళ్లు చెరో చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నా స్నేహితురాలు బీడీలకు తునికాకు కత్తిరిస్తూ, "హాస్టల్ల చెప్పేటిదానివి గదనే. ఏదన్న కథ చెప్పు, పొద్దు వోతలేదు," అంది.

నా దగ్గర అప్పుడు ఉన్న కథ ఒక్కటే. చెప్పడం మొదలుపెట్టాను. ఇద్దరు పిల్లలు, దోస్తులు, అన్నాను. ప్రేమ అన్నచోట ప్రాణం అన్నాను. దానికి ఇదంటే పానం, దీనికి అదంటే పానం.

"పానమే ఉంటది మరి. రోజు మొఖం చూసుకుంట కూసుంటే ఎందుకుండది?" అంది ఆమె అత్త. మాటలు తక్కువ, చేతులు వేగం. కథలో ఆమెకు మొదట పట్టింది బూజు. "మొన్న వానకు మన ఆకు కట్టలకు వట్టిన అసొంటిదేనా బిడ్డా?"

"గసొంటిదే అవ్వ. మనుషులకు వడ్తది."

"అయ్యో, ఎండకు వెట్టినా పోదా?"

"పోదు."

అత్త నాలుక చప్పరించి ఇంకో ఆకు తీసుకుంది. ఆ రోజు చీకటి పడకముందే బస్సు అందుకోవాలని కథ ఆపేస్తే, నా కంటే ఆమెకే ఎక్కువ బాధగా ఉంది. "వచ్చే ఐతారం తప్పకుంట రా," అంది. నా స్నేహితురాలు నవ్వింది. చాలా ఏళ్ల తర్వాత ఆ నవ్వు చూశాను. వెళ్లేటప్పుడు బస్సు స్టాపు దాకా వచ్చి నా చేతిలో మామిడికాయలు పెట్టింది.

తర్వాతి ఆదివారం కథలో కట్టుబాటు దగ్గరికి వచ్చాం.

"పెద్దమనుషులు చెప్పింది న్యాయమే గదా. కన్నతల్లి ఉండంగ బయటోళ్లెందుకు?" అంది అత్త.

"తల్లికి నిద్రొస్తున్నది గదత్తా," అంది నా స్నేహితురాలు. కత్తెర ఆగింది.

"వస్తే ఆపుకుంటది. తల్లి గాదా?"

నేను గబగబా ముందుకు పోయాను. తల్లి ఒరిగిపోవడం, ముఖం తెల్లబడటం, గొళ్లెం పెట్టడం అన్నీ చెప్పాను. ఆ ముసలామె చేతులు మొదటిసారి ఆగాయి.

"తల్లిని లోపటేసి గొళ్లెం వెట్టిందా?"

"వెట్టింది అవ్వ."

"ఎవలి కోసం?"

తల ఎత్తకుండానే నా స్నేహితురాలు, "దాని దోస్తు కోసం," అంది.

అత్త ముందు కోడలి వైపు, తర్వాత నా వైపు చూసింది. చాటను దగ్గరికి లాక్కుంది. "దోస్తు కోసం గట్ల ఎవలు చేస్తరు," అంది. ఆమె అడగలేదు, తేల్చి చెప్పింది. నేను నీళ్లు తాగి లేచాను.

నా స్నేహితురాలు రోడ్డు మలుపు దాకా నా వెంట వచ్చింది. అక్కడ ఆగింది.

"నాకెందుకు చెప్తున్నవే ఈ కథ?"

"నువ్వే అడిగినవ్ గదా."

"కథ అడిగిన. గిది అడగలె." ఆమెకు కోపం వచ్చింది. "పుస్తకంల వాళ్లకు లోకం పోయింది. అడిగేటోళ్లు లేరు, చూసేటోళ్లు లేరు. నాకు పోలే. అత్తున్నది, ఆయనున్నడు, రేపటికి ఆకు నానవెట్టాలె. నువ్వు గంటసేపు చెప్పి బస్సెక్కి పోతవ్. నేను మల్ల గా పందిరి కిందికే పోవాలె."

"అయితే రావద్దా?"

ఆమె రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. "కొన్నిరోజులు రాకు," అంది.

బస్సులో కూర్చున్నాక కూడా ఆమెకు ఏం చెప్పి ఉండాల్సిందో ఆలోచించాను. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. పుస్తకం మీద నాకు వచ్చిన కోపమే ఆమెకు నా మీద వచ్చింది.

సెలవులు అయిపోయాయి. బడి తెరిచారు. బస్సు లింగంపేటలో ఆగినప్పుడు నేను కిటికీ వైపు కాకుండా లోపలి వైపు కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"నేను బిడ్డా, లింగంపేట కెల్లి. పక్కింటోళ్ల ఫోన్ల నుంచి చేస్తున్న."

ఆమె అత్త. నేను మెట్ల కిందికి పోయి నిలబడ్డాను.

"నా కోడలు ఇంట్ల లేదు, కార్ఖానకు బీడీలియ్య వోయింది. ఒక్కటి చెప్త ఇను. నువ్వు ఇంక గా కథ వట్టుకొని మా ఇంటికి రాకు. నా కొడుకు దూరమున్నడు. నేను ముసలిదాన్ని. నాకు నా ఇల్లు నిలవాలె."

"రాను అవ్వ," అన్నాను.

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను.

"గని ఆ పిల్లలు ఏమైన్రు?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కనే నల్లా దగ్గర పిల్లలు నీళ్లు చల్లుకుంటూ అరుస్తున్నారు. ఒక చెవి మూసుకుని చెప్పాను. ఇద్దరూ ఊరు విడిచి పడవలో పారిపోతారు. సముద్రం ఒడ్డున ఓడలకు దీపం చూపే పాత బురుజు ఒకటి దొరుకుతుంది. తలుపులు బిగించుకుని వంతులవారీగా నిద్రపోతారు. చివరికి ఇద్దరికీ ఓపిక అయిపోతుంది. కాపలా లేకుండా ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు పడుకుంటారు. పుస్తకం అక్కడ అయిపోతుంది.

"మల్ల లేసిన్రా?"

"పుస్తకంల రాయలే అవ్వ."

"గదేం కథ? రాసినోళ్లకు తెలువదా?"

"తెలువదేమో."

"నువ్వేమనుకుంటున్నవ్?"

"లేసిన్రనే అనుకుంటున్న."

"నువ్వు గట్లనే అనుకుంటవ్," అంది. ఫోన్ పెట్టేసింది. తిట్టిందా, ఇంకేమైనానా, నాకు అర్థం కాలేదు. ఆ మధ్యాహ్నం ఎనిమిదో తరగతిలో పాఠం చెబుతూ ఒకే పేరా రెండుసార్లు చదివాను. పిల్లలు చెప్పేదాకా తెలియలేదు.

వానలు బాగా పట్టాక ఒకరోజు నా స్నేహితురాలే స్కూలు గేటు దగ్గరికి వచ్చింది. కళ్లు మసకగా ఉంటే కామారెడ్డిలో చూపించుకోవడానికి వచ్చిందట. గొడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో కూర్చున్నాం. చాయ్ వచ్చింది.

"అత్త నాకు కథ ఆఖరు చెప్పింది," అంది.

"ఎప్పుడు?"

"ఆకు కత్తిరించుకుంట. నేను అడగలే. ఆమెనే చెప్పింది. ఇద్దరు బురుజుల పడుకున్నరట, తెల్లారినంక లేసిన్రట, మొఖాలు మంచిగనే ఉన్నయట." నా కళ్లలోకి చూసింది. "నిజంగ లేసిన్రా?"

అబద్ధం చెప్పాలని చాలా అనిపించింది. "పుస్తకంల గది లేదే. మీ అత్త కలిపింది," అన్నాను.

ఆమె చాయ్ గ్లాసును బల్ల మీద అటూ ఇటూ తిప్పింది. కళ్లు తుడుచుకుంది. డాక్టరు వేసిన చుక్కలకు అప్పటికే నీళ్లు కారుతున్నాయి కాబట్టి అది ఏడుపో కాదో నాకు తెలియదు. తర్వాత, "పుస్తకం నాకియ్యి. నేనే చదువుకుంట," అంది.

"ఇంగ్లిష్ కష్టం ఉంటది."

"మెల్లగ చదువుకుంట. నువ్వు ఏమేం మార్చి చెప్పినవో చూడాలె."

పుస్తకం నా సంచిలోనే ఉంది. అట్టను చూసి, "గీ బొమ్మతోటి ఇంట్ల వెట్టరాదు," అంది. హోటల్లో పాత పేపరు అడిగి, పిల్లల పుస్తకాలకు వేసినట్టు అట్ట వేశాను. వేస్తుండగా ఆమె అంది. "ఒక్క మాట. నువ్వు చెప్పినప్పటి సంది నాకు ఆ తల్లే యాదికొస్తున్నది. ఎన్ని రోజుల సంది నిద్ర లేకుంట కూసున్నదో పాపం. ఆమెకు ఎవలు కాపలున్నరు?"

ఆ ప్రశ్న నాకు రెండుసార్లు చదివినా రాలేదు. "నాకైతే గొళ్లెం పడ్డప్పుడు సంతోషమైంది," అన్నాను. ఆ మాట ఎవరితోనైనా అనడం అదే మొదటిసారి.

"మీ అమ్మ యాదికి రాలేదా?"

"వచ్చింది."

"వచ్చినా సంతోషమేనా?"

"సంతోషమే."

ఆమె నన్ను తప్పు పట్టలేదు, ఊరడించనూ లేదు. పేపరు అట్ట అంచును గోరుతో నొక్కి మడత సరిచేసింది. "ఆయన వచ్చే నెల వస్తున్నడు," అంది. "ఈసారి మల్ల పోడంట. ఈడనే ఏదన్న పని చూసుకుంటడంట." ఆ వార్త చెప్పడానికే వచ్చిందని అప్పుడు తెలిసింది. నా క్లాసుకు బెల్లు కొట్టారు. ఆమె పుస్తకాన్ని మందుల కవరులో పెట్టుకుని, గొడుగు తెరిచి బస్టాండు వైపు నడిచింది.

కొన్నాళ్లు ఫోన్లో ఫోటోలు వచ్చేవి. పేజీ ఫోటో, ఒక మాట కింద పెన్సిల్ గీత, అంతే. నేను ఆ మాటకు తెలుగు రాసి పంపేదాన్ని. బాగున్నావా అని ఆమె అడిగేది కాదు, నేనూ అడిగేదాన్ని కాదు. ఒకసారి ఒక మాటకు 'జాగారం' అని రాస్తే, "మా అత్త శివరాత్రికి చేసేదేనా?" అని అడిగింది. అదే అన్నాను. "అయితే తెలుసు," అని రాసింది.

ఆమె భర్త వచ్చాడు. బస్సు లింగంపేటలో ఆగినప్పుడు ఒకటి రెండుసార్లు కిటికీ లోంచి దూరంగా చూశాను, పందిరికి కొత్త రేకులు వేయిస్తున్నాడు. ఫోటోలు ఆగిపోయాయి. ఎక్కడి దాకా చదివిందో తెలియదు, చివరి ఫోటోలోని పేజీ నాటికి కథలోకి ఇంకా ఆ తల్లి రాలేదు. పుస్తకం ఇంట్లో ఉందో, పొయ్యిలో పోయిందో కూడా తెలియదు. అడగాలని ఫోన్ తీస్తాను, మళ్లీ సంచిలో పెట్టేస్తాను. ఈ మధ్య అమ్మకు దగ్గు ఎక్కువైంది. ఆమె మంచం పక్కనే నా మంచం వేసుకుని పడుకుంటున్నాను. రాత్రి దగ్గు వినపడినప్పుడల్లా లేచి ఆమె ముఖం చూస్తున్నాను.